రెండో గుండు మీద ఆశ పెట్టుకోకండి

కందికి కాయ పట్టింది. వేరుశనగకు ఊడలు దిగాయి. తెల్లారి చేలోకి పోయి చూస్తే వాలు పక్క అరెకరం తవ్వి పోసి ఉంది. అడవి పందుల గుంపు రాత్రికి రాత్రే మీ మూడు నెలల కష్టాన్ని మట్టిలో కలిపింది. వెలిగొండల పక్కన, చంద్రశేఖరపురం మండలంలో చేను ఉన్నవాళ్ళకు ఈ దృశ్యం కొత్తగా చెప్పాల్సిన పని లేదు. భైరవకోన దారిలో కొండవాలున చేలు ఉన్నవాళ్ళలో మంచె మీద రాత్రంతా జాగారం చేయని వాళ్ళు ఎంతమంది ఉంటారు?

ఆ కోపంలో మీకు ముందు గుర్తొచ్చేది తుపాకి. ఇప్పుడు ఫోన్‌లో వీడియోలు కూడా కనబడుతున్నాయి. తెల్లవాడొకడు మంచులో నిలబడి, ఎడమ చేత్తో తుపాకి ముందు భాగాన్ని వెనక్కి లాగి ముందుకు నెట్టి, టకటకా గుళ్ళు కాలుస్తుంటాడు. దాన్ని పంప్ యాక్షన్ రైఫిల్ అంటారు. "మామా, ఇట్టాంటిది ఒకటుంటే గుంపు మొత్తాన్ని పడగొట్టొచ్చు గదా!" అని మీ మేనల్లుడు అడిగే ఉంటాడు. ప్రశ్నలో తప్పు లేదు. చేను పోగొట్టుకున్నవాడు ఆ మాత్రం అడుగుతాడు. దానికి తిన్నగా జవాబు చెప్పుకుందాం.

ఆ తుపాకి మంచిదేనా?

మంచిదే. దాని బలం ఎక్కడుందో, ఎక్కడ లేదో తెలిస్తే మీ నిర్ణయం సులువవుతుంది.

ఈ రకానికి పేరు తెచ్చింది అమెరికాలోని రెమింగ్టన్ కంపెనీ. 1912లో మోడల్ 14, 1952లో మోడల్ 760, 1981లో దాని వారసుడు 7600 వచ్చాయి. పంప్ అనగానే గుండు అటూ ఇటూ పోతుందని చాలామంది అనుకుంటారు. ఆ అనుమానం 760కి వర్తించదు. తూటాను మూసి పట్టే బోల్ట్ తిరిగి నేరుగా గొట్టానికే తాళం పడుతుంది. చేత్తో లాగే ముందు భాగం గొట్టాన్ని నొక్కకుండా విడిగా కదులుతుంది. అందుకే తొలి గుండు విషయంలో మామూలు బోల్ట్ రైఫిల్‌కు ఇది పెద్దగా తీసిపోదు. మంచి తూటాతో, ఆనిక మీద పెట్టి కాలిస్తే 100 గజాల దూరంలో ఒకటిన్నర నుంచి రెండంగుళాల వలయంలో గుళ్ళు పడతాయి. దుప్పి ఛాతీలో గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు ఎనిమిది అంగుళాలు. అంటే 200 గజాల వరకు తుపాకి వల్ల గురి తప్పిందనే సాకు పనికిరాదు.

మరి అక్కడి వేటగాళ్ళు దాన్ని ఎందుకు కొన్నారు? రెండో గుండు కోసం. బోల్ట్ రైఫిల్‌లో ట్రిగ్గర్ మీది చేయి తీసి, పిడి ఎత్తి, లాగి, నెట్టి, మళ్ళీ పట్టుకోవాలి. పంప్‌లో కన్ను గురి మీదే ఉంటుంది, భుజం కదలదు, ఎడమ చేయి పని ముగిస్తుంది. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం దుప్పుల వేటలో సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ళను ఒప్పుకోదు. కాబట్టి వరసగా కాల్చాలనుకున్న వేటగాళ్ళు అక్కడ పంప్‌ను పట్టుకున్నారు. వెర్మాంట్‌లో లారీ బెన్వా అనే పేరున్న వేటగాడు మంచులో దుప్పి అడుగులు పట్టి మైళ్ళు నడిచి, అది లేచి పరుగెత్తే క్షణంలో కాల్చేవాడు. ఆయన చేతిలో ఉండేది 760. చెట్ల మధ్య దగ్గరి దూరం, పరుగెత్తే జంతువు, పగటి వెలుగు, కింద తెల్లటి మంచు. ఈ నాలుగూ కలిసినచోట ఆ తుపాకికి సాటి తక్కువ.

ఇప్పుడు మీ చేను తలుచుకోండి. రాత్రి పదకొండు. ఛాతీ ఎత్తున కంది. గుంపులో ఎన్ని ఉన్నాయో తెలియదు, చప్పుడు మాత్రం వినబడుతోంది. పక్క చేలో మీ తమ్ముడు కాపలా ఉన్నాడు. ఇక్కడ తొలి గుండే ఎక్కడికి పోతుందో తెలియదు. అలాంటప్పుడు రెండోది తొందరగా రావడం లాభమా, ప్రమాదమా?

మన ప్రాంతపు పాత కథే చూడండి. బెంగళూరు వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ గిద్దలూరు పక్కనున్న దిగువమెట్ట, చెలమ అడవుల్లో మనుషుల్ని తినే పులి కోసం తిరిగిన సంగతి రాశాడు. ఆయన ఎక్కువగా వాడింది .405 విన్‌చెస్టర్. అది లీవర్ తిప్పి కాల్చే రైఫిల్, రెండో గుండు తొందరగా వచ్చే రకమే. అయినా ఆయన రాతల్లో తుపాకి కాల్చిన క్షణాలు కొన్నే. మంచె మీద కదలకుండా కూర్చున్న గంటలు, తుపాకికి బిగించిన టార్చి, ఆకు చప్పుడును గుర్తుపట్టే ఓపిక, ఇవే పేజీల కొద్దీ ఉంటాయి. చేతిలో అంత తుపాకి ఉన్నవాడికే వెలుగూ ఓపికా అంత కావాల్సి వచ్చాయి.

కొనే ముందు మీకు మీరే వేసుకోవాల్సిన ప్రశ్నలు

1. నేను దేన్ని కాలుస్తున్నానో కనబడుతోందా? కళ్ళు మెరిస్తే చాలదు. దూడ కళ్ళూ మెరుస్తాయి, కుక్క కళ్ళూ మెరుస్తాయి. చేలో పండుకున్న మనిషి కప్పుకున్న దుప్పటి చీకట్లో పంది వీపులాగే ఉంటుంది.

2. దాని వెనక ఏముంది? ఈ ప్రశ్న దగ్గర కాసేపు ఆగండి. .30-06 లాంటి రైఫిల్ గుండు సెకనుకు 800 మీటర్లకు పైగా వేగంతో బయలుదేరుతుంది. గురి తప్పి పైకి లేస్తే మూడు నాలుగు కిలోమీటర్లు దాటగలదు. పందిని దాటిపోయిన గుండుకు వెనక మట్టిగట్టు అడ్డం ఉండాలి. చంద్రశేఖరపురం చుట్టుపక్కల కొండ అంచు చేలకు ఒక పక్క కొండ ఉంటుంది నిజమే, మరి మిగతా పక్కల? ఊరు, రోడ్డు, పక్క రైతు మంచె. మీరు కొండవైపు తిరిగి కాల్చినా రాతికి తగిలిన గుండు ఎటు పోతుందో చెప్పలేరు.

3. తుపాకిని దేనిమీద ఆనించాను? నిలబడి, గుండె దడదడలాడుతూ, చేతిలో టార్చి పట్టుకుని కాల్చినవాడికి 100 గజాల్లో రెండంగుళాల లెక్క వర్తించదు. ఆ లెక్క బల్ల మీద ఇసుక సంచి పెట్టి కాల్చినప్పటిది.

4. గాయపడి పోతే? పంది భుజం మీద గట్టి కొవ్వు, చర్మం డాలులా కట్టుకుని ఉంటుంది. గుండె కిందికి, ముందు కాళ్ళ మధ్య ఉంటుంది. గుండెకు కాక వేరేచోట గుండు తగిలిన పంది చిల్లకంపలో దూరుతుంది. దాన్ని వెతుక్కుంటూ చీకట్లో ఎవరు పోతారు? దెబ్బ తిన్న మగపంది కోరలతో తొడ చీరేస్తుంది. ఈ పనికి మీ ఇంట్లో ఎవర్ని పంపుతారో ముందు ఆలోచించండి.

నాలుగింటికీ ధైర్యంగా జవాబు చెప్పగలిగినవాళ్ళు చాలా తక్కువ. చెప్పలేకపోతే సిగ్గుపడకండి. ఆ తెలివే మిమ్మల్ని కాపాడుతుంది.

చట్టం ఏమంటోంది?

ఇది చదవకుండా పేజీ తిప్పకండి, ఇక్కడ పొరబడితే జైలుకు పోవాల్సి వస్తుంది.

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 2022 సవరణ తర్వాత అడవి పంది, ఆ చట్టం రక్షించే జంతువుల జాబితాల్లో రెండో షెడ్యూలులో ఉంది. అనుమతి లేకుండా చంపితే మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. పక్కనున్న నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యంలోకి అడుగుపెట్టి వేటాడితే శిక్ష ఇంకా కఠినంగా, మూడేళ్ళకు తక్కువ కాకుండా ఏడేళ్ళ దాకా పడుతుంది.

దారి పూర్తిగా మూసుకుపోలేదు. 11వ సెక్షన్ ప్రకారం నిలబడి ఉన్న పంటకు ప్రమాదంగా మారిన రెండో షెడ్యూలు జంతువును చంపడానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ కారణాలు రాసి, ప్రాంతం చెప్పి, రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వవచ్చు. అలా చంపిన జంతువు ప్రభుత్వ ఆస్తి. మాంసం ఇంటికి తీసుకుపోవడానికి లేదు. కేరళ 2022లో ఈ అధికారాన్ని పంచాయతీ అధ్యక్షుల దాకా తెచ్చింది. బీహార్‌లోని మోకామా ప్రాంతంలో 2016లో పంటల్ని పాడుచేస్తున్న నీల్‌గాయ్‌లను కాల్చడానికి హైదరాబాద్ నుంచి లైసెన్సున్న షూటర్లను పిలిపించారు. అధికారికంగా ఆ పని చేసేది ఇలా, ఉత్తర్వు చేతిలో పెట్టుకుని, అనుభవమున్నవాళ్ళతో. రైతు ఒంటరిగా దిగే పని కాదు.

ఇక తుపాకి లైసెన్సు. 1959 ఆయుధాల చట్టంలో పంట రక్షణకని ప్రత్యేకంగా చెప్పింది మందు కూరి కాల్చే తుపాకి గురించి. సొంత రక్షణకో, క్రీడకో అయితే ఇరవై అంగుళాలకు తక్కువ కాని నున్నటి గొట్టం తుపాకి. లోపల గాళ్ళు కోసిన రైఫిల్ అనేది వేరే సంగతి, దానికి పరిశీలన ఎక్కువ. మన దగ్గర దొరికే పంప్ యాక్షన్ అంటే తిరుచిరాపల్లి ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ చేసే 12 బోర్ లాంటి నున్నటి గొట్టం తుపాకే. వీడియోలో చూసిన అమెరికా రైఫిల్ మార్కాపురంలోనో ఒంగోలులోనో దుకాణానికి పోయి కొనుక్కునే వస్తువు కాదు. లైసెన్సు లేని నాటు తుపాకి ఇంట్లో దొరికితే 2019 సవరణ ప్రకారం రెండేళ్ళకు తక్కువ కాకుండా ఐదేళ్ళ దాకా శిక్ష. చేలో పోయిన పంట రెండేళ్ళలో తిరిగొస్తుంది. కేసు పడ్డ ఇంట్లో పిల్లల చదువు, పెళ్ళి, అప్పు అన్నీ ఆగిపోతాయి.

చేలో ఈ వారమే మొదలుపెట్టగలిగిన పనులు

ఇక్కడ నెమ్మదిగా చదవండి. తుపాకి మీద పెట్టే ఆలోచనలో సగం ఇక్కడ పెట్టినా చాలు.

1. ముందు దొంగను గుర్తుపట్టండి. నేల తవ్వి పోసి, దుంపలు, కాయలు పీకి ఉంటే పంది. మొదలు దగ్గర పళ్ళతో కొరికి, చుట్టూ ముళ్ళు రాలి ఉంటే ఏదుపంది. మొక్క పైభాగం కత్తిరించినట్టుంటే జింకో, దుప్పో. ఒక్కో జంతువుకు ఒక్కో మందు. చాలామంది చేసే తప్పు ఏమంటే, కాయ నష్టం కనబడగానే పంది అనేసి డబ్బు పెట్టడం.

2. గుంపు ఎక్కడ నుంచి చేలోకి దిగుతోందో కనుక్కోండి. పందులు వాగు పాయ, చిల్లకంప నీడ పట్టుకుని ఒకే బాటలో వస్తాయి. సాయంత్రం ఆ బాటలో మట్టి సర్ది మెత్తగా చేస్తే పొద్దున అడుగులు చెబుతాయి. ఎకరాలకు ఎకరాలు కంచె వేయలేనివాళ్ళు ముందు ఆ బాటనే మూయాలి.

3. గట్టు మీద ఆముదం రెండు మూడు వరసలు దగ్గర దగ్గరగా వేయండి. పంది ఆముదాన్ని ముట్టదు, దాని వాసనకు లోపలి వేరుశనగ వాసన మరుగున పడుతుంది. పైగా ఆముదం గింజ ఆదాయమే. శీతాకాలపు వేరుశనగ చుట్టూ కుసుమ వేస్తే ముళ్ళు అడ్డం పడతాయి. ఇవి ఖరీదైన పద్ధతులు కావు, విత్తే రోజున గుర్తుండాలి, అంతే. పంట పడ్డాక గుర్తొస్తే లాభం లేదు.

4. సోలార్ కంచె. దీని గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని పాడుచేసుకునేవాళ్ళే ఎక్కువ. బ్యాటరీ నుంచి వచ్చే కరెంటును ఎనర్జైజర్ అనే పెట్టె సెకనుకు ఒకసారి చొప్పున క్షణకాలం మాత్రమే తీగలోకి వదులుతుంది. జంతువు ఝల్లుమని వెనక్కి తిరుగుతుంది, చావదు. కొనేటప్పుడు ప్రమాణాల ముద్ర ఉన్న ఎనర్జైజరే తీసుకోండి. పంది ముక్కుతో తోసే జంతువు కాబట్టి కింది తీగ జానెడు ఎత్తులోనే ఉండాలి, ఎర్త్ బాగా దిగాలి. తీగకు గడ్డి తగిలితే కరెంటు నేలలోకి పోతుంది, ఆ రాత్రి కంచె ఉత్త తీగే. వారానికి ఒకసారి కింద గడ్డి కోయనివాడు సోలార్ కంచె వేయకపోవడమే మేలు. నలుగురు రైతులు పక్కపక్క చేలకు కలిపి ఒకే కంచె వేసుకుంటే ఖర్చు తగ్గుతుంది, కాపలా వంతులూ కుదురుతాయి.

5. కంచె పెట్టలేకపోతే గట్టుకు అడుగు దూరంలో రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు కందకం తవ్వండి. వాన పడ్డాక నేల మెత్తబడిన రోజుల్లో తవ్వకం తేలిక.

6. ఏ పద్ధతైనా పదే పదే ఒకటే వాడకండి. పంది తెలివైనది. డబ్బా చప్పుడుకు వారంలో అలవాటు పడుతుంది. ఒకరోజు టపాసు, ఒకరోజు కాగడా, ఒకరోజు కుక్కలు, ఇలా మారుస్తూ పోండి. కోత ముందు రోజుల్లో మాత్రం మంచె మీద ఇద్దరు ఉండి తీరాలి. ఒకరు నిద్రపోతే ఒకరు మేలుకోవాలి.

చేయకూడనివి

కరెంటు స్తంభం నుంచి తీగ లాగి చేను చుట్టూ వేయకండి. అది కంచె కాదు. తెల్లారి నీళ్ళు పెట్టడానికి వచ్చే పక్క రైతు, మేకల్ని తోలుకొచ్చే కుర్రాడు, ఒక్కోసారి తీగ వేసినవాడే దానికి బలైన వార్తలు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏటా వస్తూనే ఉన్నాయి. మనిషి చనిపోతే పెట్టే కేసు పంట నష్టం కేసులా ఉండదు.

నాటు బాంబులు పెట్టకండి. పంది తినేలోపు మీ ఆవు కొరికితే దవడ పోతుంది. క్లచ్ వైరు ఉచ్చు పందిని ఎంచుకోదు. చిరుతపులి పడితే అది మొదటి షెడ్యూలు జంతువు, కేసు ఏడేళ్ళ దాకా పోతుంది.

అమెరికాలో ఉన్న మీ అబ్బాయికి ఈ భాగం చూపించండి

కనిగిరి, గిద్దలూరు, మార్కాపురం పిల్లలు ఎంతోమంది అక్కడ ఉద్యోగాల్లో ఉన్నారు. అక్కడ దుప్పి వేట చట్టబద్ధం. తోటి ఉద్యోగి పిలిచాడని పంప్ రైఫిల్ పట్టుకోవాలనుకునేవాడు ఇవి తెలుసుకోవాలి.

1. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి దగ్గర పెట్టుకోకూడదని అక్కడి కేంద్ర చట్టం. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. స్నేహితుడి తుపాకి చేతిలోకి తీసుకునే ముందే ఆ లైసెన్సు జేబులో ఉండాలి. వీసాతో చెలగాటం వద్దు.

2. వేట పాఠాలు పూర్తి చేసి, రైఫిల్‌ను 100 గజాల దగ్గర గురికి సరిచేసుకోండి. వేటకు తీసుకుపోయే తూటానే అక్కడా వాడాలి, బ్రాండు మారితే గుండు పడే చోటూ మారుతుంది.

3. పంప్‌ను సగం లాగి నెట్టడం కొత్తవాళ్ళ తప్పు. తూటా ఇరుక్కుంటుంది. ఖాళీ తుపాకితో, భుజం నుంచి దించకుండా, పూర్తిగా వెనక్కి, పూర్తిగా ముందుకు లాగడం ఇంట్లోనే అలవాటు చేసుకోండి.

4. తూటా కూర్చునే గదిని తుడిచి పెట్టండి. బోల్ట్ పిడికి ఉన్నంత పట్టు పంప్‌కు ఉండదు. కాల్చిన తూటా తొడుగు ఆ గదిలో తుప్పుకో మురికికో అంటుకుంటే లాగడం కష్టం.

5. పెన్సిల్వేనియాలో తుపాకి సీజన్లో తల, ఛాతీ, వీపు కలిపి 250 చదరపు అంగుళాల నారింజ రంగు బట్ట వేసుకోవాలి. ఎవరు చూసినా మనిషి అని తెలియడానికే. మన చేలల్లో రాత్రి కాపలాకు పోయేవాళ్ళు కూడా ఇలాంటి మెరిసే కోటు వేసుకుంటే ఎంత బాగుంటుందో ఆలోచించండి.

నష్టం జరిగిన పొద్దున

చేను తొక్కేసిన రోజే, పాదు సర్దకముందే, అడుగులు, తవ్విన నేల, పడ్డ మొక్కలు కనబడేట్టు ఫోటోలు తీయండి. తేదీ, సర్వే నంబరు, పంట, విస్తీర్ణం రాసి ఫారెస్టు బీటు ఆఫీసరుకు ఒక అర్జీ, రైతు సేవా కేంద్రంలో ఒక అర్జీ ఇచ్చి, రెండింటికీ రసీదు తీసుకోండి. నోటిమాటగా చెప్పి రావడం మన అలవాటు, దానికి ఫైలు పుట్టదు. అడవి జంతువుల వల్ల జరిగే పంట నష్టాన్ని 2026 ఖరీఫ్ నుంచి ఫసల్ బీమాలో అదనపు కవరుగా చేరుస్తామని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. నష్టాన్ని 72 గంటల్లోపు పంట బీమా యాప్‌లో ఫోటోలతో తెలపాలి. ఏ జంతువులకు, ఏ ప్రాంతాలకు అనేది రాష్ట్రం నోటిఫై చేస్తుంది కాబట్టి మన మండలం, మీ పంట అందులో ఉన్నాయో లేవో విత్తనం వేసేముందే రైతు సేవా కేంద్రంలో అడిగి రాయించుకోండి.

ఊళ్ళో పది మంది అర్జీలు ఒకే నెలలో పోగైతే 11వ సెక్షన్ కింద అనుమతి అడగడానికి మీ దగ్గర ఆధారం ఉన్నట్టే. అప్పుడు గ్రామసభలో తీర్మానం చేసి రేంజ్ ఆఫీసరు దగ్గరకు పది మందీ కలిసి పోండి. అర్జీల నకళ్ళు, ఫోటోలు, గుంపు దిగే బాటల పటం ఒకటి చేతిలో ఉంచుకోండి.